పద్నాలుగో వరుస

ఆ ఉద్యోగం నాకు దొరికింది నా చదువు చూసి కాదు, మా ఇంటి మాట విని. సేలంలో ఒక ఏడాది భద్రతా డిప్లొమా చదివి, పని దొరక్క, ధర్మపురిలో మా నాయన కిరాణా కొట్లో కూర్చుని చింతపండు తూస్తుండేదాన్ని. మావాళ్లు ఈ ఊరికి ఎన్ని తరాల కింద వచ్చారో మాకే సరిగ్గా తెలియదు. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. అవ్వ పట్టుబట్టి అక్షరాలు దిద్దించింది కాబట్టి నేను ఇది రాయగలుగుతున్నాను. మా అన్నకు ఇది చదవడం రాదు.

ఒకరోజు సరుకులకు వచ్చిన ఒకాయన నేను అమ్మతో మాట్లాడుతుంటే విని ఆగాడు. రోడ్డు పనుల కాంట్రాక్టర్ల దగ్గర చేసే కూలీలకు భద్రతా శిక్షణ ఇప్పించడం ఆయన వ్యాపారం. చిన్న గది, ఇద్దరు మనుషులు, ఒక ప్రొజెక్టరు. కూలీలకు శిక్షణ ఇచ్చినట్టు కాగితం జతచేయనిదే కాంట్రాక్టరుకు బిల్లు పాసు కాదు కాబట్టి ఆయనకు గిరాకీ బాగానే ఉంది. పాప్పిరెడ్డిపట్టి వైపు నుంచి వచ్చే కూలీలు చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారనీ, అరవంలో చెబితే ఆడవాళ్లు తలూపి ఊరుకుంటారనీ, వాళ్ల మాటలో చెప్పే మనిషి కావాలనీ అన్నాడు. నా డిప్లొమా సంగతి విని అప్పటికప్పుడు ఉద్యోగం ఇచ్చాడు. ఆ సాయంత్రం మా నాయన కొట్టుకొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ సంగతి చెప్పుకున్నాడు.

మొదట్లో నేను నిజాయితీగానే పని చేశాను. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. ఎక్కడ చెడ్డానో నాకే తెలియాలని చెబుతున్నాను. మాకు ఇరవై వరుసల ముద్రించిన పట్టిక ఒకటి ఉండేది. ఒక్కో వరుసలో ఒక్కో అంశం: వచ్చే బండ్లను ఎలా ఆపాలి, జెండా పట్టుకున్న మనిషి ఎంత దూరంలో నిలబడాలి, రోలరు వెనక ఎందుకు నడవకూడదు, ఎండదెబ్బ తగిలితే ఏం చేయాలి. చెప్పినదాని పక్కన టిక్కు పెట్టి, చివర నేను సంతకం చేయాలి. పద్నాలుగో వరుస కాగిన తారు ఒంటిమీద పడితే చేయాల్సిన ప్రథమ చికిత్స. నేను వాటన్నిటినీ ఒక నోటుబుక్కులో తెలుగులోకి రాసుకుని, రాత్రిళ్లు అవ్వకు చదివి వినిపించి, ఆమెకు అర్థం కాని మాటలు మార్చుకునేదాన్ని.

పాప్పిరెడ్డిపట్టి దగ్గరి ఏ. పళ్లిపట్టి అనే ఊరి కూలీలకు శిక్షణ ధర్మపురిలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. నలభై మంది, అందులో సగానికి పైగా ఆడవాళ్లు. ముందురోజు కంకర తోలిన టెంపోలోనే వాళ్లను ఎక్కించుకొచ్చారు. దిగేటప్పుడు చీరలకంటిన తెల్లటి దుమ్ము దులుపుకుంటూ దిగారు. రాగానే మా ఓనరు ఒక సంచి విప్పాడు. అందులో మెరిసే పట్టీలున్న నారింజ రంగు కోట్లు పన్నెండు, హెల్మెట్లు పన్నెండు ఉన్నాయి. పదేసి, పన్నెండేసి మందిని నిలబెట్టి తొడిగించి, తేదీ, ఊరు కింద పడేలా ఫోనులో ఫోటో తీసి, విప్పించి, తరువాతి గుంపుకు తొడిగించారు. ప్లాస్టిక్ బట్ట, ఫ్యాన్లు తిరగని హాలు. మూడో గుంపు దగ్గరికి వచ్చేసరికి ఆ కోట్లు ముందువాళ్ల చెమటతో తడిసిపోయాయి. ఒకామె వేసుకోనని వెనక్కి జరిగింది. "ఒక్క నిమిషమే కదమ్మా, చచ్చిపోతావా" అని కసిరాడు మా ఓనరు. ఫోటోలయ్యాక లెక్క చూసుకుని సంచిలో కుక్కాడు. వాటిని మర్నాడు ఇంకో ఊరికి తీసుకెళ్లాలి.

నేను లాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించి, భద్రతా సినిమా కాసేపు వేశాను. తరువాత మైకు పట్టుకున్నాను.

ముందు వరుసలో యాభై ఏళ్లు దాటిన ఒక సన్నటి మనిషి కూర్చుంది. నోట్లో వక్క, చేతులకు నిండుగా గాజులు. నేను తెలుగులో మొదలుపెట్టగానే మోకాలు మీద చరుచుకుని పక్కామెతో, "ఓయ్, మన మాటే" అంది. ఆ తరువాత నన్ను వదల్లేదు. జెండా పట్టుకునే మనిషి వేరే ఏ పనీ చేయకూడదని నేను చెప్పగానే చెయ్యెత్తింది.

"టీచరమ్మా, నేను జెండా పట్టుకొని నిలబడితే నా తట్ట ఎవరు మోసేది? మేస్త్రీ మోస్తాడా?"

హాలంతా నవ్వింది. వెనక నిలబడిన మేస్త్రీ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే తరువాతి వరుసకు పోయాను. ఆమె మళ్లీ అడిగింది: "సినిమాలో చూపించినావే ఆ బూట్లు, అవి మాకిస్తారా? మేము గోనెపట్టా చుట్టుకొని చేస్తా ఉండాము." తన పాదాలు ముందుకు చాపి చూపించింది. టైరు చెప్పులు, వాటి మీద తారు మరకలు. "ఇస్తారు" అన్నాను. నాకు అలా చెప్పమని ఎవరూ చెప్పలేదు.

పదమూడో అంశం అయ్యేసరికి పన్నెండున్నర. ఫోటో కోసం పిలిచిన ఇంజనీరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మా ఓనరు గడియారం మీద వేలు కొట్టి చూపించాడు. దగ్గరికి వెళ్లి ఇంకా ఏడు ఉన్నాయన్నాను.

"సారుకు టైము లేదు. భోజనం వచ్చేసింది. ముగించు."

"ఒక్క తారు కాలిన సంగతి చెప్పేస్తాను సార్, పది నిమిషాలు."

"వాళ్లు పుట్టినప్పటినుంచి తారులోనే ఉన్నారు. నువ్వు చెప్పాలా వాళ్లకు?"

నేను లాప్‌టాప్ మూసేశాను. ఇంజనీరు మధ్యలో, కూలీలు చుట్టూ నిలబడి ఇంకో ఫోటో అయింది. కూలీలకు నిమ్మకాయ పులిహోర పొట్లాలు ఇచ్చి టెంపో ఎక్కించారు, వెళుతూ వెళుతూ తినమని. మాకు మేడమీద గదిలో బిరియాని. తింటే చేతికి నూనె అంటి కాగితం పాడవుతుందని, విస్తరి ముందు కూర్చుని తినకముందే ఇరవై వరుసలకూ టిక్కులు పెట్టి సంతకం చేశాను. ఆ పని నాకెవరూ బలవంతంగా చేయించలేదు. తరువాత కోడికూర ఇంకొంచెం వేయించుకుని మరీ తిన్నాను. ఇదంతా తలుచుకుంటే నాకు ఎక్కువ అసహ్యం వేసేది ఆ వేయించుకోవడం మీదే.

మూడు నెలల తరువాత పెన్నాగరం వైపు పిక్కిలి దారిలో గుంతలు పూడుస్తుండగా ఆమె చెయ్యి కాలింది. ముందు వరుసలో కూర్చున్నామె. జరిగింది నాకు తరువాత ఆ కూలీలే చెప్పారు. కట్టెల మంట మీద డ్రమ్ములో తారు కాగుతోంది. చిల్లుల డబ్బాతో ముంచి గుంతలో పోయడం మామూలుగా మగవాళ్ల పని. ఆ రోజు ఇద్దరు రాలేదు కాబట్టి మేస్త్రీ ఆమెను పొయ్యమన్నాడు. దారి వాలు. డ్రమ్ము కింద పెట్టిన రాయి జారి డ్రమ్ము ఒరిగింది. ఆమె కుడిచేయి మణికట్టు నుంచి వేళ్ల దాకా తారు కమ్మేసింది.

పక్కనే, రోలరు చక్రాలకు తారు అంటకుండా పోయడానికి తెచ్చిన నీళ్ల డ్రమ్ము ఉంది. నిండుగా ఉంది. పది అడుగులు కూడా ఉండదు. చెయ్యి అందులో ముంచి అరగంట ఉంచి, అంటుకున్న తారును అలాగే వదిలేసి ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే ఆ చెయ్యి చాలావరకు దక్కేది. నా నోటుబుక్కులో పద్నాలుగో పేజీలో రాసుకున్నది అదే: చన్నీళ్లు పొయ్యండి, గాజులు తియ్యండి, తారును లాగకండి, కిరసనాయిలు పెట్టకండి. వాళ్లు ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని ఎవరో అన్నారు. మేస్త్రీ గుడ్డను కిరసనాయిల్లో ముంచి తారును తుడిచాడు. రాకపోతే పట్టుకుని లాగాడు. తారుతోపాటు తోలు కూడా ఊడి వచ్చింది. గాజులు వాపులో ఇరుక్కుపోతే పెన్నాగరం ఆసుపత్రిలో కత్తిరించారట. అక్కడి నుంచి ధర్మపురి పెద్దాసుపత్రికి పంపారు.

మేస్త్రీ చెడ్డవాడు కాదు. ఆ సంగతి చెప్పేటప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. అతను ఆ హాల్లో వెనక నిలబడి నా మాటలన్నీ విన్న మనిషే.

నాకు ఈ సంగతి తెలిసింది ఆఫీసులో. రోడ్డు పనులు చూసే ఆఫీసు నుంచి వివరణ అడుగుతూ కాంట్రాక్టరుకు కాగితం వచ్చింది. మా ఓనరు జవాబు టైపు చేయించి నా ముందు పెట్టాడు. సదరు కార్మికురాలికి ఫలానా తేదీన శిక్షణ ఇవ్వబడింది, తారు కాలినప్పుడు చేయవలసిన ప్రథమ చికిత్స కూడా ఆమెకు వివరంగా నేర్పబడింది, ఆమె ఆ శిక్షణకు విరుద్ధంగా ప్రవర్తించినందువల్లే గాయం తీవ్రమైంది అని దాని సారాంశం. దానికి నేను టిక్కులు పెట్టిన పట్టిక జతచేసి ఉంది. పద్నాలుగో వరుస చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశారు.

"ఇది చెప్పలేదు సార్ మనం" అన్నాను.

"టిక్కు ఎవరు పెట్టారు?"

పట్టిక కింద నా సంతకం వైపు చూశాను.

"చెప్పకుండా టిక్కు పెట్టావంటే తప్పు నీది. చెప్పావంటే తప్పు ఆమెది. నువ్వే చూసుకో."

పూర్తిగా చదివాను, పూర్తిగా అర్థమైంది, సంతకం పెట్టాను. దీనికి నేను ఏ కారణం చెప్పినా అది సాకే అవుతుంది.

అంతటితో అయిపోలేదు. ఆమె కూడా ఒప్పుకున్నట్టు కింద వేలిముద్ర ఉంటే మంచిదని కాంట్రాక్టరు మనిషి అన్నాడట. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమచేతి బొటనవేలు చాలన్నాడట. "నీ మాట అయితే ఆమె వింటుంది, తెలుగులో చదివి వినిపించి వేయించుకురా" అని మా ఓనరు ఇంకుప్యాడు నా చేతికిచ్చాడు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది దేనికో అప్పుడు నాకు బాగా తెలిసింది.

పొద్దున పదింటికి ఆసుపత్రికి వెళ్లాను. కాలిన గాయాల వార్డులో కిటికీ పక్క మంచం. ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టింది. లేవబోయింది. పక్కనున్న కోడలితో, "మా టీచరమ్మ వచ్చినాది, ఆ స్టూలు ఇట్లియ్యి" అంది. చేతికి మోచేయి దాకా తెల్లటి కట్టు. వేళ్ల చివరలు నల్లగా బయటికి కనిపిస్తున్నాయి. ఆ కట్టులోంచి వచ్చే వాసన నేను ఇక్కడ రాయలేను. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను, ఆమె చూసింది. చూసి, చేతిని మెల్లగా అవతలి పక్కకు జరుపుకుంది.

నేను కాగితం తీశాను. ఎందుకొచ్చానో చెప్పి, తెలుగులో చదవడం మొదలుపెట్టాను. నేర్పబడింది అన్న మాట దగ్గర చదవడం ఆపేశాను. ఆమె నన్ను ఓదార్చేలా మాట్లాడింది.

"నువ్వేమిటికి బాధపడతావు? నేనూ అదే తలుచుకుంటా ఉండాను ఇన్ని దినాలు. డాక్టరమ్మ అడిగినాది, నీళ్లేమిటికి పొయ్యలే అని. టీచరమ్మ చెప్పేవుంటాది, నేనే మర్చిపోయినాను అనుకొన్నాను. ఆ దినం పొద్దున్నే లేచి వచ్చినాము కదా, నడమ నిద్రపోయినానో ఏమో. నా తప్పే. యాడ పెట్టేది రేగ?"

వేలిముద్రకు ఎడమచేయి చాపింది.

నేను ఇంకుప్యాడు తెరవలేకపోయాను. ఆ చెయ్యి నా ముందు అలాగే ఉంది. చివరికి అన్నాను: "నువ్వు నిద్రపోలేదక్కా. నేనే చెప్పలే."

"ఏమి?"

"తారు కాలితే ఏమి చెయ్యాలని నేను చెప్పనేలే. సాపాటు వచ్చినాదని ఆపేసినాను. చెప్పినట్టు కాగితంలో గుర్తు పెట్టినాను."

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కోడలు లేచి నిలబడి అరవంలో నన్ను తిట్టింది. ఆ తిట్లు వార్డంతా విన్నారు. నర్సు వచ్చి బయటికి పొమ్మంది. అప్పుడు ఆమె కోడలిని కూర్చోమని చెప్పి, నన్ను అడిగింది.

"దాంట్లో ఇంకా ఏమి రాసుండారు? అంతా చదువు. ఒక మాట వదలకుండా చదువు."

చదివాను. గాయం తీవ్రం కావడానికి ఆమే కారణం అన్న వాక్యం కూడా.

"నేను పది దినాలుగా నన్నే తిట్టుకొంటా ఉండాను" అంది. "నా కొడుకు కూడా తిట్టినాడు, ముసల్దానివి నీకు బుద్ధి లేదా అని. నువ్వు ఇంట్లో తిని పండుకొన్నావు." కోపంగా కూడా అనలేదు. తరువాత, "ఇది అబద్ధమని ఇంకొక కాగితంలో రాయి. అరవంలో రాయి, వాళ్లు చదవాల కదా. రాసి నా ముందర కైయెళుత్తు పెట్టు" అంది.

నోటుబుక్కులోంచి కాగితం చింపి, ఆ స్టూలు మీదే కూర్చుని రాశాను. పదమూడు అంశాలే చెప్పాననీ, పద్నాలుగు నుంచి ఇరవై వరకు చెప్పలేదనీ, టిక్కులు తప్పుడువనీ, ముందు ఇచ్చిన జవాబు కూడా అబద్ధమనీ రాసి, ఆమె అడిగిన కైయెళుత్తు, అంటే సంతకం, ఆమె ముందే పెట్టాను. ఆమె అది చదవలేదు. ఆమెకు అరవమూ తెలుగూ ఏదీ చదవడం రాదు. కోడలు చదివింది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి నా మొహం చూసింది.

అక్కడి నుంచి నేరుగా రోడ్డు ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా కాగితం చదివి, ఇది ఎవరు అడిగారని అడిగాడు. ఎవరూ అడగలేదన్నాను. కూర్చోమన్నాడు. సాయంత్రం నాలుగింటికి అధికారి పిలిచాడు. ఆ రోజు హాల్లో ఫోటోకు నిలబడిన ఇంజనీరే. నన్ను గుర్తుపట్టనట్టు చూశాడు.

"ఇది ఇస్తే ముందు నీ మీదికే వస్తుంది, తెలుసా అమ్మా?"

"తెలుసు సార్."

"నీకు పెళ్లి కాలేదు కదా. ఎందుకొచ్చిన గొడవ?"

"ఆ రోజు మీరు కూడా ఉన్నారు సార్. మీకు టైము లేదనే ఆపేశాము."

ఆయన కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, తడిదేదో పట్టుకున్నట్టు, గుమాస్తా బల్ల మీద పడేశాడు. అందినట్టు ముద్ర వేసి నకలు ఇవ్వమని గుమాస్తాను అడిగాను. గంట తరువాత ఇచ్చాడు.

దానివల్ల ఏమైందంటే పెద్దగా ఏమీ కాలేదు. మర్నాడే నా ఉద్యోగం పోయింది. విచారణ అని రెండుసార్లు పిలిచారు. ఆమె తప్పన్న వాక్యం తీసేసి కాంట్రాక్టరు కొత్త జవాబు ఇచ్చుకున్నాడు, ఆసుపత్రి ఖర్చు కట్టాడు, ఆమె కొడుకును పిలిచి కొంత డబ్బు ఇచ్చి మాట ముగించాడు. మా ఓనరు కంపెనీ పేరు మార్చుకున్నాడు. ఇప్పుడు అదియమాన్‌కోట్టై దగ్గర ఇంకా పెద్ద ఆఫీసు పెట్టాడు, బోర్డు మీద నవ్వుతున్న కూలీ బొమ్మ. ఇంజనీరుకు బదిలీ అయింది, అది కూడా ఆయన కోరుకున్న ఊరికేనని విన్నాను. మా నాయన నాతో నెలరోజులు మాట్లాడలేదు. నేను అబద్ధం రాసినందుకు కాదు, దాన్ని ఒప్పుకున్నందుకు.

ఆమె ఇంటికొచ్చిన రెండు వారాలకు నేను ఏ. పళ్లిపట్టి వెళ్లాను. మిగిలిన ఏడు అంశాలు ఆ నలభై మందికీ చెప్పి రావాలనుకున్నాను. ఆదివారం పొద్దున, ఆమె ఇంటి ముందు పాతిక మంది దాకా చేరారు. నేను నోరు తెరవకముందే ఒక పెద్దాయన లేచాడు.

"ఇప్పుడేమిటికి వచ్చినావు? ఫోటో తీసేదానికా?"

లేదన్నాను.

"ఆ దినం హాల్లో చెప్పాల్సింది ఇప్పుడు చెప్పేదానికి వచ్చినావే, సిగ్గు లేదా నీకు?" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. అతని వెనక ఇంకో నలుగురు వెళ్లారు. ఒకామె నేను చేసిందానికి నా చెయ్యే కాలాల్సింది అంది. ఎవరూ ఆమెను కాదనలేదు. నేనూ అనలేదు.

నేను నోటుబుక్కు తీసి చదవబోయాను. అప్పుడు ఆమె గుమ్మంలోంచి లేచి వచ్చింది. కట్టు విప్పేశారు. అరచేయి గులాబీ రంగులో మెరుస్తూ ముడుచుకుపోయి ఉంది. వేళ్లు సగానికి మించి చాపుకోవు. ఆ చేతిని అందరి ముందూ పైకెత్తింది.

"ఆ పిల్లను వదిలిపెట్టండి. నేను చెప్తాను" అంది. "ఇది తారు కాలింది కాదు. తారు కాలింది పైపైన ఇంతే." ఎడమచేతి రెండు వేళ్లు దగ్గరపెట్టి చూపించింది. "మిగతాదంతా మేము గుంజినాము, కిరసనాయిలు పోసి గుంజినాము. ఎవరికన్నా పడితే నీళ్లలో పెట్టండి. ఏడ్చినా పెట్టండి. బయట తియ్యకండి. గుంజేదానికి ఎవడన్నా వస్తే వాణ్ణి తన్నండి."

మేస్త్రీ ఒక మూల తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేదు. తను చూసింది, పడింది, ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది అంతా వరుసగా చెప్పింది. మధ్యలో వాళ్లు ప్రశ్నలు అడిగారు. పొలం దగ్గరి బురద నీళ్లయినా ఫరవాలేదా అని ఒకరు అడిగితే ఆమె నా వైపు తిరిగింది. మంచినీళ్లు లేకపోతే దొరికిన నీళ్లలో శుభ్రమైనవి చూసి పొయ్యండి, పొయ్యకుండా మాత్రం ఉండకండి అని చెప్పాను. ఆ రోజు నన్ను అడిగింది అది ఒక్కటే.

వచ్చేటప్పుడు ఎవరూ కాఫీ తాగి పొమ్మనలేదు. కోడలు బస్టాపు దాకా నాతో నడిచింది. బస్సు కనిపించాక అంది, రేపటి నుంచి అత్త బదులు ఆ పనికి తను పోతోందని. వద్దని చెప్పడానికి నాకు హక్కు లేదు. కాంట్రాక్టరు అతనేనా అని అడిగాను.

"వాడే" అంది. "బూట్లు అడిగినాను. చూస్తామన్నాడు."

బస్సు వచ్చింది, ఎక్కాను.